మద్రాసుకు పోయిన మా సమ్మక్క రిపోర్టు

మొన్న బుధవారం పొద్దుగాల పదింటికి ఏం జరిగిందో వినుండ్రి. మా సమ్మక్క మానుకోట దవాఖానల మంచం మీద కూసున్నది. ఆమె రిపోర్టులు మద్రాసుల ఉన్నయి. గిది నేను చేసిన పనే. ఇంకొకరి పేరు చెప్పుడు ఎందుకు?

సమ్మక్క నా భార్య. ఆమె ఎడమ కంట్లె మోతిబిందు పొర బాగ ముదిరింది. కుడి కన్ను ఎప్పటి సందో అంతంత మాత్రం. పోయిన నెల చాయపత్తి అనుకొని ఆవాలు ఏసి చాయ పెట్టింది. తాగిన. ఏమన్లేదు.

కండ్ల డాక్టరు మానుకోటకు వారానికి ఒక్క బుధవారమే రైల్ల వస్తడు. గురువారం సంది తెలంగాణ కోసం రైల్ రోకో. అది ఎన్ని దినాలు నడుస్తదో ఎవలకు తెల్వది, నడిపే మాకే తెల్వది. "ఇంక ఆలస్యం చేస్తే కన్ను దక్కదు పెద్దాయనా" అని డాక్టరు ముందే చెప్పిండు. అందుకే మంగళవారమే గూడూరు నుంచి బస్సెక్కి రక్త పరీక్షకు పోయినం.

అది చానా ఊర్లల్ల బ్రాంచీలున్న దవాఖాన. ఇప్పుడు అక్కడ చిట్టీలు లేవు. అంత కంప్యూటరే. రాష్ట్రంల ఏ ఊరి బ్రాంచిల అడిగినా మన జాతకం తెరుసుకుంటదట.

"అంత క్లౌడ్ల ఉంటది తాత" అన్నది కౌంటరు కాడి షబానా.

"ఉండనీ" అన్న.

"ఫారం నేను రాస్త, ఇటియ్యి."

"నాకు రాసుడు వస్తది బిడ్డా."

రాత్రిబడికి పోయి నేర్చుకున్న రాత నాది. వేరేటోళ్ళతోని రాయించుకోను. పేరు రాసిన, ఊరు రాసిన. రాష్ట్రం అన్న కాడ తెలంగాణ అని రాసిన. షబానా అది చూసి, కంప్యూటరు చూసి, మళ్ళ నా దిక్కు చూసింది.

"తాత, గిది లిస్టుల లేదు."

"నేను రాసిన కద."

"నువ్వు రాస్తే కాదు తాత. ఇందుల ఉన్నదే నేను వత్తాలె. ఆంధ్రప్రదేశ్ పెడుత."

"పెడితే మేం లేచి పోతం."

"నేను పోను" అన్నది సమ్మక్క. "కన్ను నాది."

"ఖాళీ ఇడిసిపెట్టు" అన్న.

"ఖాళీ ఉంటే ముందుకు పోదు తాత. జర సమజ్ చేసుకో."

నా వెనుక లైన్ల గార్ల ఊరి నుంచి వచ్చిన సారు ఒకాయన ఉన్నడు. "పెద్దమనిషి చెప్పింది కరెక్టే!" అని లేసిండు. లైనంత లేసింది. హాలు దద్దరిల్లేటట్టు జై తెలంగాణ అన్నరు. కంటికి మందేసుకొని కండ్లు మూసుకున్నోళ్ళు గూడ మూసుకునే అన్నరు. ఇగ నేను ఎట్ల తగ్గుత?

"లిస్టుల 'త'తోని మొదలయ్యేటివి ఏమేం ఉన్నయి బిడ్డా?" అని అడిగిన.

"తమిళనాడు. త్రిపుర."

"ఏది దగ్గర?"

"తమిళనాడు."

"అయితే అది పెట్టు."

పెట్టింది. కంప్యూటరు ఏమనలేదు. రక్తం తీసుకున్నరు. మేం గెలిచి ఇంటికొచ్చినం.

బుధవారం సమ్మక్కకు ఆకుపచ్చ అంగీ తొడిగి, నెత్తికి టోపీ పెట్టి, మంచం మీద కూసోబెట్టిండ్రు. డాక్టరు కంప్యూటర్ల చూసిండు. ఆమె పేరే లేదు. అంతల నా ఫోన్ మోగింది. అటు దిక్కు ఎవరో ఆడామె, మర్యాదగ, నాకు తెల్వని భాషల మాట్లాడుతున్నది. ఫోన్ షబానాకిచ్చిన. ఆ పిల్ల ఇంగ్లీషుల అవును అవును అని, ఫోన్ పెట్టి, నెత్తి పట్టుకున్నది.

"తాత, అడ్రసు ఏ రాష్ట్రముంటే ఆ బ్రాంచికే రిపోర్టు పోతదట. మద్రాసుల అవ్వకు పదింటికి ఆపరేషన్ రాసిండ్రట. మంచం తయారున్నదట. ఇంక రాలేదేందని అడుగుతున్నరు."

"రిపోర్టే పోయిందా, నన్ను గూడ తోలుతవా?" అన్నది సమ్మక్క టోపీ కింది నుంచి.

"షుగర్ ఎంతున్నదో చూడకుండ నేను కత్తి పట్టను" అన్నడు డాక్టరు. "వేరే రాష్ట్రం రికార్డు నాకు తెరుసుకోదు. మళ్ళ రక్తం తీసినా ఆ రిపోర్టు గూడ మద్రాసుకే పోతది. పాత చిట్టీ అయితే కొట్టేసి నేనే రాసేటోన్ని. నా రైలు రెండింటికి."

షబానా హెడ్డాఫీసుకు ఫోన్ కొట్టింది. రాష్ట్రం మార్చాలంటే ఉత్త మాట చాలదట. పేషెంటు తరఫు మనిషి తన చేత్తోని ఉత్తరం రాసి సంతకం పెట్టాలె. అది స్కాన్ చేసి పంపాలె.

గార్ల సారు దిక్కు చూసిన. ఆయనకు గూడ ఆ దినమే ఆపరేషన్. మా వెనుక నంబరే.

"రాసెయ్యరాదా పెద్దమనిషీ" అన్నడు.

"నీ ఫారంల ఏం పెట్టించినవ్ సారూ?"

"ఏదుంటే అది" అని గోడ దిక్కు తిరిగిండు.

పన్నెండు దాటింది. సమ్మక్క నన్ను చూస్తున్న అనుకొని నా పక్కకున్న సెలైన్ స్టాండును చూస్తున్నది.

రాసిన. 'అయ్యా, మాది ఆంధ్రప్రదేశ్. నేను పొరపాటున వేరే రాష్ట్రం చెప్పినాను. దయచేసి క్షమించి మా రాష్ట్రం మాకు ఇప్పించగలరు.' కింద సంతకం.

పావుగంటల రిపోర్టు మద్రాసు నుంచి తిరిగొచ్చింది. ఒంటిగంటకు ఆపరేషన్ అయింది. తెల్లారి పట్టీ ఇప్పంగనే సమ్మక్క నన్ను కింది నుంచి మీది దాక చూసి, "గింత ముసలోనివైనవా" అన్నది. కన్ను మంచిగనే పనిచేస్తున్నది.

పోయేటప్పుడు షబానాను పక్కకు పిలిచిన. "బిడ్డా, పనైపోయింది కద. ఆ ఉత్తరం నాకియ్యి, చింపేస్త."

"కాయితం తీస్కపో తాత. కంప్యూటర్ల పడ్డది మాత్రం పోదు."

"రేపు తెలంగాణ వస్తే?"

"లిస్టు మారుతది. నీ ఉత్తరం అట్లనే ఉంటది. ఈడ ఏ బ్రాంచిల అడిగినా తెరుసుకుంటది."

అందుకే మీకు నేనే ముందుగాల చెప్తున్న. రేపు ఎవడన్న తెరిచి చూస్తే అది నా రాత కాదు అందామన్నా కుదరదు. మా ఊర్ల 'ధ్ర' కింద అంత గుండ్రంగ రావత్తు పెట్టేది నేనొక్కన్నే.