చైతన్య బిగించిన నట్లు

2023, యాసంగి కోతలు నడుస్తున్న రోజులు. బాన్సువాడలో బోధన్ రోడ్డు మీద నాకు కార్ల మెకానిక్ షెడ్డు ఉంది. ఒకరోజు పొద్దున ఒక డీసీఎం వ్యాను వచ్చి షెడ్డు ముందు ఆగింది. దాని మీద ముందుభాగం నలిగిపోయిన చిన్న ఎర్ర కారు. డ్రైవరు పక్క నుంచి సూర్యనారాయణ గారు దిగారు. కారు ఆయన కొడుకు చైతన్యది. ఆ పిల్లవాడు పోయి అప్పటికి నెల దాటింది.

వాళ్ళది వర్ని దగ్గర ఊరు. తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకున్న కుటుంబం. చైతన్యకు మాత్రం ఇంజన్లంటే ప్రాణం. పాత కారు కొని డ్రాగ్ రేసుకు తయారు చేసుకున్నాడు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, తిన్నని దారిలో ఎవరు ముందు చేరతారో చూసే పందెం అది. తండ్రికి అది నచ్చక చాలాకాలం ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు. చివరికి ఆయనే తగ్గి, నిజామాబాద్ నుంచి అలాయ్ చక్రాలు తెచ్చి, కారు రంగుకు సరిపడేలా మందంగా పూత వేయించి కొడుకు ముందు పెట్టారు.

"మా నాన్న తెచ్చిండన్నా," అని చైతన్య షెడ్డుకొచ్చి మరీ చూపించాడు. ఆ చక్రాలతోనే వారం పది రోజులు ప్రాక్టీసు చేశాడు. పోటీ రోజు హైదరాబాద్ అవతల, కారు వేగం అందుకుంటుండగా ముందు ఎడమ చక్రం ఊడిపోయింది. కారు పల్టీలు కొట్టింది. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

"రిపేరుకు తేలేదు శంకర్," అన్నారు సూర్యనారాయణ గారు. "ఒక్కటి చూసి చెప్పు. నట్లు బిగించడం మర్చిపోయాడని అందరూ అంటున్నారు. వాళ్ళమ్మ కూడా అదే నమ్ముతోంది. వాడు మర్చిపోయాడా?"

కారును జాకీ మీద లేపి ఊడిన వైపు చూశాను. చక్రాన్ని పట్టి ఉంచే బోల్టులను వీల్ స్టడ్స్ అంటాం. నాలుగూ తెగి ఉన్నాయి. మూడింటి విరుపు నల్లబడి, నున్నగా ఉంది. అంటే అవి ముందే కొంచెం కొంచెంగా చిట్లాయి. నాలుగోది ఒక్కటే అప్పటికప్పుడు తెగినట్టు గరుకుగా మెరుస్తోంది.

బండి బరువును స్టడ్డే మోస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ దాని పని చక్రాన్ని ఇరుసు చివర ఉండే హబ్‌కు అదిమి పట్టడం. ఆ అదుము సడలితే చక్రం రవ్వంత కదులుతుంది. కదిలినప్పుడల్లా స్టడ్ వంగి లేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపినట్టే. నిలబడ్డ చోటు నుంచి ఒక్కసారిగా బలం పడే డ్రాగ్ కారులో అది ఇంకా తొందరగా తెగుతుంది.

మిగతా మూడు చక్రాలు చూశాను. ప్రతి నట్టు మీద నుంచి చక్రం మీదకి చైతన్య తెల్లగీత గీసుకున్నాడు. నట్టు తిరిగితే గీత చెదరాలి. ఒక్కటీ చెదరలేదు. కానీ రెంచీ పెట్టగానే నట్లు పెద్దగా బలం లేకుండానే వచ్చేశాయి. నట్టు కూర్చునే గుంటలో ఎర్రపూత నలిగి, పక్కలకు జరిగి ఉంది. లోహం మీద కూర్చోవాల్సిన నట్టు రంగు మీద కూర్చుంది. రంగు నలగగానే బిగువు పోయింది.

రెంచీ కింద పెట్టి ఆయన వైపు తిరిగాను.

"స్టడ్లు పాతబడ్డయి బాబాయ్. ఇనుము అలిసిపోతది," అన్నాను.

ఆయన తల ఊపారు. "ఆ మూడు చక్రాలూ విప్పి పెట్టు. ఇర్ఫాన్ అడిగాడు. వాడిదీ ఇదే కారు కదా. నాలుగోది అలాంటిదే కొని, వచ్చే పోటీకి చైతన్య గుర్తుగా వేసుకుంటానన్నాడు," అన్నారు.

ఇర్ఫాన్ చైతన్య స్నేహితుడు. ఇద్దరూ కలిసే రేసులకు పోయేవాళ్ళు. ఇక దాచే వీలు లేకపోయింది.

"బాబాయ్, జర ఇటు రా," అని చక్రం ఆయన ముందు పెట్టాను. "చైతన్య మర్చిపోలే. మంచిగ బిగించిండు, గీత గూడ గీసుకుండు. గీ గుంటల చూడు. రంగు నలిగింది. మొదటి రన్నుకే బండి ఆపి మళ్ళ బిగిస్తే తెలుస్తుండె. గీత చెదరలే కదా అనుకుండు."

ఆయన వంగి, గుంటలో వేలు పెట్టి తడిమారు. వేలికి ఎర్రటి పొడి అంటింది.

"రంగు నేను వేయించానుగా," అన్నారు.

"నీకు తెల్వదు బాబాయ్. వేసినోడు గుంటలు మూసి రంగెయ్యాలె."

ఆయన నా మాట విన్నట్టు లేదు. "గరుకు కాగితం ఉందా?" అని అడిగారు. ఇచ్చాను. కింద కూర్చుని ఒక్కో గుంటలో పూత గీకడం మొదలుపెట్టారు. నేను చేస్తానన్నా వినలేదు. లోపలి లోహం తెల్లగా కనబడేదాకా మూడు చక్రాలూ ఆయనే గీకారు. పంచె మీద ఎర్రపొడి పడుతుంటే దులుపుకోలేదు.

మధ్యలో ఫోను మోగింది. ఇంటి నుంచి, ఆయన భార్య.

"శంకర్ చూశాడు," అన్నారు. "మనవాడు బిగించాడంట. బాగానే బిగించాడంట. ఏం మర్చిపోలేదు." అవతల ఆవిడ ఏదో అడిగారు. "ఇనుము అలిసిపోతుందంట. అంతే," అని పెట్టేశారు.

నేను అన్న అబద్ధమే అది. దాన్ని ఆయన భార్య కోసం ఉంచుకుని, నిజం తన దగ్గర పెట్టుకున్నారు.

అప్పటి నుంచి రంగేసిన చక్రం ఏది వచ్చినా ముందు గుంటలు, హబ్‌కు ఆనే ముఖం శుభ్రం చేస్తాను. బిగించాక కాస్త తిరిగి రమ్మని, మళ్ళీ టార్క్ రెంచీ పెడతాను. ఎంత బలంతో బిగించామో చూపే రెంచీ అది. గీత చెదరలేదు కదా అన్నా అని కొందరు నవ్వుతారు. నట్టు తిరగలేదని మాత్రమే గీత చెప్తుంది, బిగువు ఉందని చెప్పదు అని వాళ్ళకు చెప్తాను. పనిలో నేను నేర్చుకున్నది అంతే. ఒక తండ్రికి అలాంటి నిజం ఎలా చెప్పాలో మాత్రం ఇప్పటికీ నేర్చుకోలేదు.

సూర్యనారాయణ గారు మళ్ళీ షెడ్డుకు రాలేదు. ఎప్పుడైనా బజారులో కనబడితే ఒక్కటే అడుగుతారు.

"ఇర్ఫాన్ నట్లు చూపించుకుంటున్నాడా?"

"ప్రతిసారి వస్తుండు బాబాయ్," అంటాను. ఆయన తల ఊపి, ముందుకు నడిచిపోతారు.