చెంప మీద స్టాంపు

"పిన్నీ, పాప స్టాంపు నాకేసింది! జిగురులో విషం ఏమైనా ఉంటుందా?"

"సర్వీసంతా నాలుకతో తడిపి అంటించినదాన్ని, నీ ఎదురుగానే ఉన్నాగా. అయినా అది మింగలేదమ్మా, చూడు, చెంపకి అంటించుకుంది."

నేను రసాయన శాస్త్రం చదివాను. చదవనివాళ్లకు ఒక్క భయం ఉండేచోట నాకు వరసగా పది పుడతాయి. మా రెండేళ్ల పాప నోరు తెరిపించి వేలితో వెతికాక గానీ చెంప వైపు చూడలేదు.

పిన్ని అంటే సొంత పిన్ని కాదు, మా ఎదురింటావిడ. పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరయ్యారు. ఒకప్పుడు పాత యూరప్ చిత్రాలతో, బరోక్ కాలం నాటివట, ఆరు స్టాంపులు విడుదలయ్యాయి. అన్నిట్లోనూ చీకటి గది, ఒక పక్కనుంచి వెలుగు, ఆ వెలుగులో ఒక మొహం. ఆ మొహాల మీద నల్ల ముద్ర కొట్టడానికి పిన్నికి చేయి వచ్చేది కాదు. ప్రతి కవరు మీదా స్టాంపు మూలకు మాత్రమే తగిలేలా మెల్లగా ఒత్తేవారు. వెనక కవర్లు గుట్ట పడేవి.

"ఏమ్మా, ముద్ర కొడుతున్నావా, ముద్దు పెడుతున్నావా?" అనేవాడట పై అధికారి.

ఆరింటిలో అయిదు దాచుకున్నారు. కొవ్వొత్తి ముందు బిడ్డనెత్తుకున్న తల్లి బొమ్మ మాత్రం జనం ఎగబడి కొనడంతో తనకు మిగల్లేదు. ఇన్నేళ్లకు, ఆ పొద్దున పాత స్నేహితురాలొకామె దాన్ని తెచ్చిచ్చింది. బల్ల మీద పెట్టి నాకు చూపిస్తున్నంతలో పాప చేతికి చిక్కింది.

నేను గోటితో మూల పట్టుకుని లాగబోయాను. పాప కెవ్వుమని తల విదిలించింది. అంచు కాస్త చిరిగింది.

"లాగకు! చిరిగితే నా బొమ్మ పోతుంది, మండితే నీ బొమ్మ ఏడుస్తుంది."

పిన్ని చేతిరుమాలును గోరువెచ్చటి నీళ్లలో ముంచి పాప చెంపకు ఆనించారు. "ఏమే దొంగా, నేనింకా కళ్లారా చూసుకోనేలేదు, నువ్వు కొట్టేశావా?" అంటూ కబుర్లలో పెట్టారు. పాప ఏడుపు ఆపి ఆమె కళ్లజోడు లాగింది. ఆమె లాక్కోనిచ్చారు. ఆ సందడిలో స్టాంపు తనంతట తానే రుమాల్లోకి జారింది.

"జిగురంతా పోయింది పిన్నీ. విలువ తగ్గదూ?" అన్నాను, తల ఎత్తలేక.

"అమ్ముకునేవాళ్లకి తగ్గుతుంది. నేను చూసుకునేదాన్ని." తడి పీల్చే అద్దుడు కాగితం మీద స్టాంపును బోర్లా పరిచి, నా వైపు తిరిగారు. "అతుక్కున్నదాన్ని గీకకమ్మా. తడిపి, కాసేపు ఊరుకో."

ఇప్పుడు నేను ఆఫీసుకు బయల్దేరేవేళ పాప నా కాలు కరుచుకుంటే వేళ్లు విడదీయడం మానేశాను. పక్కన కూర్చుని, నా కళ్లజోడు దానికిచ్చి, కాసేపు ఊరుకుంటున్నాను.