నెత్తి మీద పడ్డ రాక్షస బల్లి

యుద్ధం నడుస్తున్న రోజులు. మాది బహదూర్‌పురాలో పాలు అమ్ముకునే ఇల్లు. మూడో కాన్పుకు పుట్టింటికి పోతూ మా వదిన తొమ్మిదేళ్ల కొడుకునూ ఐదేళ్ల కూతురునూ నాకు అప్పజెప్పింది. పిల్ల అప్పుడే తట్టు పోసి లేచింది, దూర ప్రయాణం వద్దన్నారు. నాకు పదహారేళ్లు. బర్రెలను కడగడం కంటే పిల్లల్ని ఆడించడమే సులువనుకున్నాను. బర్రెలు ప్రశ్నలడగవన్న సంగతి నాకప్పుడు తోచలేదు.

ఒకరోజు మా అన్న ఉస్మాన్‌గంజ్ నుంచి బెల్లం తెచ్చాడు. దానికి చుట్టిన ఇంగ్లీషు కాగితం మీద ఒక బొమ్మ ఉంది. తాటిచెట్టంత మెడ, గుడిసెంత పొట్ట, సందు పొడుగునా తోక, కాళ్ల దగ్గర చిటికెన వేలంత మనిషి. మిషన్ బడిలో నేర్చుకున్న నాలుగు ముక్కలతో కూడబలుక్కుని చదివితే ఇది బల్లి వంటి జంతువని, మనుషులు పుట్టకముందే ఇవన్నీ చచ్చిపోయాయని అర్థమైంది. మిగతా అక్షరాలను బెల్లం జిగురు మింగేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. అది ఏం తినేది, ఎట్లా అరిచేది, అన్నీ ఒకేసారి ఎట్లా పోయాయి? అసలు సంగతులన్నీ జిగురు కిందే ఉన్నాయి.

"అత్తా, మనుషులే లేకుంటే గీ మనిషి యాడికెల్లి వచ్చిండు?" అన్నాడు పిల్లవాడు.

"కొలతకు పెట్టిండ్రు. గది ఎంత పెద్దదో మనకు తెలవాలె కద."

"మరి ఉరకకుంట గట్లనే నిలబడ్డడేంది?" అంది పిల్ల.

ఆ ప్రశ్నలోంచే మా ఆట పుట్టింది. పాత గుడ్డలు ఉండచుట్టి, తెలగపిండి గోనెసంచి సుతిలి తాడుతో బిగించి బంతి చేశాను. ఇద్దరు పిల్లలు ఒకే గొంగడి కిందికి దూరితే అది రాక్షస బల్లి. ముందున్నవాళ్లు చెయ్యి పైకెత్తితే మెడ, అరచెయ్యే నోరు, వెనకున్నవాళ్లు ఊపే గొంగడి కొస తోక. ఆ నోటికి బంతి అందించి, తోక తగలకుండా తప్పించుకోవాలి. ఇరుగుపొరుగు పిల్లలు కూడా వచ్చి చేరారు. రెండో రోజు ఆ బంతే బల్లి గుడ్డు అయింది. గోడ మీది బల్లి గుడ్లు పెడుతుంది కాబట్టి ఇదీ పెడుతుందని వాదించి గెలిచాను. గుడ్డు ఎత్తుకుపోయేవాళ్లను తల్లి బల్లి తరమాలి. అంత పెద్ద ఒంటితో అది వేగంగా ఉరకగలదా లేదా అని నాకూ మేనల్లుడికీ పెద్ద లొల్లి. తేలక, ఇద్దరం గొంగడి కప్పుకుని ఉరికి చూశాం. నా మోకాలు చీరుకుపోయింది, సంగతి మాత్రం తేలలేదు.

మూడో రోజు బంతే బల్లి అయింది. ఒకరు కుడితి తొట్టి గట్టెక్కి విసరాలి, మిగతావాళ్లు తప్పించుకోవాలి. నులక మంచం మీద కూర్చుని చూస్తున్న మా అమ్మ ఊరుకోలేదు.

"బల్లి మీద పడితె ఉత్తగనే పోతదా? యాడ పడ్డదో చూడొద్దా?" అంది.

బల్లిపాటు ఫలితాలన్నీ మా అమ్మకు కంఠతా వచ్చు. ఆమె లెక్క ప్రకారం భుజానికి తగిలితే గెలుపు, కాబట్టి బంతి వాళ్లదే. కాలికి తగిలితే ప్రయాణం, వీధి తలుపు దాకా ఉరికి రావాలి. పొట్టకు తగిలితే విందు, నోట్లో బెల్లం ముక్క. పిల్లలంతా పొట్టలు ముందుకు తోసుకుని పరుగెత్తసాగారు. నడినెత్తి మీద పడితే చావు, ఆటలోంచి బయటికి.

మేనల్లుడు విసిరిన బంతి ఒకసారి సరిగ్గా చెల్లెలి నడినెత్తి మీద పడింది.

"సచ్చినవ్! పో, గోడ కాడ కూసో!" అని అరిచాడు.

ఆమె పోయి కూర్చుంది. ఆ సాయంత్రం నేను లాంతరు గాజు తుడుస్తుంటే దగ్గరికొచ్చి నిలబడింది.

"అత్తా, అమ్మ వచ్చినంక సస్తనా, రాకముందే సస్తనా?"

 బంతి విప్పి గుడ్డలన్నీ ఆమె ముందు పరిచాను. "చూడు బిడ్డా, ఇది నీ పాత లంగా ముక్క. ఇండ్ల బల్లి ఉన్నదా?"

"లంగనే. గని మనం బల్లి అన్నం కద" అంది.

మా అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, నెత్తిన పోస్తే దోషం పోతుందంది. "గంత పెద్ద బల్లికి ఒక్క చెంబు సరిపోతదా?" అని పిల్ల అడిగింది. బొమ్మలో దాని కొలత చూసిన పిల్లాయె. ఏ విరుగుడూ పనికిరాక చివరికి మా అమ్మ ఆమెను ఒళ్లోకి లాక్కుంది.

"మీ అమ్మ వచ్చేదాక నీకేం కాదు బిడ్డా. నాది పూచీ."

పిల్ల ముఖం తేటపడింది. బువ్వ తింది, నిద్రపోయింది, తెల్లారి మళ్లీ ఆటకొచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పటిదాకా రోజూ "అమ్మ ఎప్పుడొస్తది?" అని నా ప్రాణం తీసేది. ఆ మాట మానేసింది. మనకు అలవాటైపోయిందిలే అని మురిసిపోయాను కూడా.

కొన్ని వారాలకు మా వాకిట్లో టాంగా ఆగింది. పసిగుడ్డును పొత్తిళ్లలో పట్టుకుని వదిన ఒక కాలు కింద పెట్టిందో లేదో, పిల్ల కెవ్వుమంది.

"రాకు! అమ్మా, రాకు! ఇంక కొన్ని రోజులైనంక రా!"

అరుస్తూ కొట్టంలోకి ఉరికి బర్రెల వెనక నక్కింది. వదిన అట్లాగే నిలబడిపోయింది. "నన్ను మరిసిందా?" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. మా అమ్మ నెత్తి కొట్టుకుంది. అప్పుడు వెలిగింది నాకు. అమ్మ వచ్చేదాకా ఏమీ కాదంటే, వచ్చాక అవుతుందనే కదా! అన్ని రోజులూ ఆ పిల్ల తల్లి రాకూడదని కోరుకుంటూ గడిపింది. నాకు ఏడుపొచ్చింది.

ఉన్నదంతా గబగబా వదినకు చెప్పాను. ఆమె పసివాడిని మా అమ్మ చేతిలో పెట్టి, కొట్టంలోకి పోయి, పచ్చి బాలింత, ఆ పేడలోనే కూలబడి కూతుర్ని ఒళ్లోకి తీసుకుంది. పిల్ల కట్టెలా బిగుసుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. గడప దగ్గర మేమూ కదల్లేదు. నిజం చెప్పొద్దూ, ఇంగ్లీషు చదివిన నేను కూడా ఊపిరి బిగబట్టాను.

ఎంతసేపటికో పిల్ల ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. తన చేతులు చూసుకుంది, కాళ్లు చూసుకుంది, తల్లి చెంప తాకి చూసింది.

"అమ్మా, నేను సావలే" అంది ఆశ్చర్యంగా. లేచి, వదిన వేలు పట్టుకుని లాగింది. "ఇగ రా. ఇంట్లకు రా."