గుమ్మం దగ్గర మొదలుపెట్టిన గది

టైల్స్ మేస్త్రీని తోటి పనివాళ్ళు బొంగరం అని పిలుస్తారు. పదమూడేళ్ళలో మూడు దేశాలు తిరిగాడు. ఎందుకు మారావంటే ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెబుతాడు. అన్నీ నిజాలే, ఏదీ అసలుది కాదు.

సొంతూళ్ళో పని లేక పోలేదు. పని బోలెడుంది, కాకపోతే పని చేయించేది సొంత అన్న. ఇతనికి మీసాలొచ్చి, పెళ్ళయ్యాక కూడా ‘మేస్త్రీ గారి తమ్ముడే’. సిమెంటు కలిపి అందించాలి, అంతే. ఒకరోజు అన్న నలుగురి ముందూ, “వాడి చేతికి తాపీ ఇవ్వకండిరా, గది గదంతా వంకరవుద్ది” అన్నాడు. నలుగురూ నవ్వారు. నెల తిరక్కుండా ఇతను విమానం ఎక్కాడు. మొదటి దేశంలో టోపీ మీది నంబరుతో పిలిచారు. అదీ నయమే అనిపించింది, అందులో అన్న లేడు కదా. రెండో దేశంలో మేస్త్రీ అయ్యాడు. అనుకున్నది అయింది కదా, ఇక కుదురుగా ఉండొచ్చు. ఉండలేదు.

ఈ మూడో దేశానికి భార్యనీ కూతురినీ తెచ్చుకున్నాడు. భార్య ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడత పెడుతుంది. తొమ్మిదేళ్ళ కూతురు రెండేళ్ళు ఏడ్చి ఏడ్చి ఇక్కడి భాష పట్టేసింది. ఇప్పుడు ఆ భాషలోనే తండ్రిని వెక్కిరిస్తుంది.

ఇంటి ఓనరమ్మ ఒక మాట అంది. లోపలి గదిలో గచ్చు పెచ్చులూడిపోయింది, టైల్స్ మీరే వేసుకుంటే ఐదేళ్ళకి అద్దె కాగితం రాసిస్తానంది. భార్య ఎగిరి గంతేసింది. మేస్త్రీ తలూపాడు. అతని జేబులో అప్పటికే పాస్‌పోర్టు ఉంది. నాలుగో దేశంలో పెద్ద హోటల్ కడుతున్నారట, శనివారం సాయంత్రం ఐదులోగా పాస్‌పోర్టు ఇస్తే సీటు ఖాయమని ఏజెంటు చెప్పాడు. ఇంట్లో చెప్పలేదు. మూడింటికల్లా గది పూర్తి చేసేసి, గుమ్మంలో నిలబెట్టి మెరిసే గదిని చూపిస్తూ చెబితే భార్య తక్కువ తిడుతుందనుకున్నాడు.

టైల్స్ పనిలో ఎవరైనా మొదట నేర్చుకునేది ఒకటే. లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి గుమ్మం వైపు వెనక్కి జరుగుతూ రావాలి. వేసిన టైలుని తెల్లారేదాకా తొక్కకూడదు. ఎన్ని వందల గదుల్లోంచి అతను అలా వెనక్కి నడిచి బయటపడ్డాడో లెక్కలేదు.

శనివారం పొద్దున కూతురు గుమ్మం బయట బాసింపట్టు వేసుక్కూర్చుంది. “మొదటిది నేనే పెడతా.”

“సరే, కానీ.”

లోపలి వైపు తను కూర్చుని, ఆ పిల్ల చేత గుమ్మం పక్కన మొదటి టైలు పెట్టించాడు. రబ్బరు సుత్తితో నాలుగు దెబ్బలు వేయించాడు. దాని పక్కన ఇంకొకటి తను వేశాడు. దాని పక్కన మరొకటి. బుర్రలో హోటల్ అంతస్తులు లేస్తున్నాయి. నడుము పట్టేసి పైకి లేచేసరికి వీపుకి కిటికీ ఊచలు తగిలాయి. గుమ్మానికీ తనకీ మధ్య గది నిండా తడి టైల్స్. పాదాల కింద, సిమెంటు బకెట్ కింద మాత్రం రెండు టైల్సంత చోటు మిగిలింది.

పన్నేర్చుకునే కుర్రాడు కూడా చేయడు ఆ పని.

నాలుగింటికి భార్య డ్యూటీ నుంచి వచ్చింది. గుమ్మంలో నిలబడి చూసి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నవ్వకు.”

“నవ్వట్లేదయ్యా. పదమూడేళ్ళ సర్వీసు కదా, దణ్ణం పెడదామని.”

అప్పుడే కూతురి చేతిలో ఉన్న అతని ఫోను మోగింది. పిల్ల ఎత్తి విని, “నాన్నా, ఏజెంటు అంకుల్. ఐదుకి ఆఫీసు మూసేస్తారంట, పాస్‌పోర్టు ఏదీ అంటున్నాడు” అంది.

భార్య నవ్వు ఆగిపోయింది. మేస్త్రీ చెయ్యి జేబు మీదకి పోయింది. అది ఆమె చూసింది.

“ఈసారి ఎక్కడికి?”

అతను చెప్పాడు.

“వెళ్ళు మరి. నాలుగడుగులే కదా. నీ టైల్సే, తొక్కుకుంటూ రా.” ఆమె గొంతు పెంచలేదు. “మేము మాత్రం రాము. ఇది మళ్ళీ ఒకటో క్లాసు పిల్లలా నోరెళ్ళబెట్టుకుని కూర్చోవడం నేను చూడలేను.”

మేస్త్రీ ఒక కాలెత్తాడు. ఎక్కడ పెట్టినా టైలు కుంగుతుంది. అంచులు లేస్తాయి. చూసినవాడెవడైనా సరే, గది గదంతా వంకర అంటాడు. గుమ్మం పక్కన కూతురు పెట్టింది ఇప్పటికే రవ్వంత పక్కకి ఉంది. దాన్ని సరిచేయలేదు తను. ఎత్తిన కాలు ఎత్తినట్టే వెనక్కి దించాడు.

“ఫోన్ ఇటు విసురు” అన్నాడు.

పిల్ల విసిరింది. పట్టుకున్నాడు.

“మేస్త్రీ, బయల్దేరావా లేదా?”

“గదిలోంచి బయటికి రాలేనండి.”

“తలుపు పడిపోయిందా ఏంటి?”

“తలుపు తీసే ఉంది. వేరేవాణ్ణి చూసుకోండి.”

ఏజెంటు ఏదో అంటుండగానే పెట్టేశాడు. ఏదో రైలు తప్పిపోయినవాడిలా బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు. భార్య వంటగదిలోకి వెళ్ళింది. కాసేపటికి చీపురు కర్రకి సంచి కట్టి, అందులో మూత బిగించిన టీ సీసా పెట్టి, టైల్స్ మీదుగా చాపింది.

“కదలకుండా తాగు.”

తాగాడు. కుడికాలు మాత్రం ఊగుతూనే ఉంది.

“నాన్నా, కాలు ఆపు, టైల్స్ అదురుతాయి” అంది కూతురు గుమ్మంలోంచి.

అతను కాలి మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకున్నాడు.