విరగని ముద్ద

ట్రాక్టర్లు బరువు లాగే పోటీకి మట్టిబాట సిద్ధం చేసే అతన్ని అందరూ మట్టి మావయ్య అంటారు. అతనికి మరో పని రాదు. చెప్పులు విడిచి నడుస్తాడు. నేల మనసు అరికాళ్లకే ముందు తెలుస్తుందట. ఆపైన గుప్పెడు మట్టి పిసికి బొటనవేలితో నొక్కుతాడు. ముద్ద రెండుగా విరిగితే బాట సిద్ధం. వేళ్లకు అంటుకుంటే చక్రం జారి బండి అదుపు తప్పుతుంది. నిన్న నీళ్లు పెట్టి, నేల ఇంకాస్త తాగనీ అని రోలర్ తిప్పకుండా వదిలేశాడు. తెల్లవారుజామున వాన పడింది. రోలర్ తిప్పి ఉంటే నేల గట్టిపడి వాననీరు పైపైనే జారిపోయేది. ఇప్పుడు లోపలికంటా దిగింది. పొద్దుటినుంచి గంపలతో పొడిమట్టి పోస్తున్నాడు, నేల మింగేస్తోంది.

“బాట చేశావా మావయ్యా, నాట్లకు దమ్ము చేశావా?” అన్నాడు మొదటి బండి డ్రైవరు. జనం నవ్వారు. పోటీ పెద్ద దగ్గరికొచ్చి, “సిద్ధమే అను చాలు. కాదన్నావో, వచ్చే ఏడు నిన్ను పిలవం,” అన్నాడు. మావయ్య గుప్పెడు మట్టి నొక్కాడు. వేళ్ల సందుల్లో నీరు మెరిసింది. నవ్వుతున్న డ్రైవరు ముఖంలోకి చూశాడు. “కాలేదు బాబూ,” అన్నాడు. ట్రాక్టర్లు వెళ్లిపోయాయి. ఎండ వచ్చింది. ఖాళీ మైదానంలో అతను రోలర్ తిప్పుతూనే ఉన్నాడు. పొద్దు వాలేవేళ వంగి గుప్పెడు తీసి నొక్కితే, ముద్ద చక్కగా రెండుగా విరిగింది. ఎవరికైనా చూపిద్దామని తలెత్తాడు.