అత్త కట్టిన ముడి

మా అత్త పోయిందని మామయ్య ఫోన్ చేసినప్పుడు నేను షామ్‌బర్గ్‌లో ఓ గోడౌన్ ముందు, ట్రక్కులో, లోడు దింపడానికి లైన్లో ఉన్నాను. "అత్త వెళ్ళిపోయిందిరా. నిద్రలోనే," అన్నాడు. ఆ తర్వాత ఫోన్‌లో వాళ్ళింటి ఫ్రిజ్ చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉంది.

మామయ్య అంటే మా అమ్మకి అన్న. అత్త చైనా మనిషి. అరోరా ఊళ్ళో మా వీధి చివరి ఇల్లే వాళ్ళది. తెలుగు మా అమ్మ దగ్గరే నేర్చుకుంది కాబట్టి, కోపం వస్తే అచ్చం అమ్మలాగే కసిరేది.

ఎండాకాలం మొదట్లో చైనా వాళ్ళకి పడవల పండగ వస్తుంది. ఆ రోజుకి జోంగ్‌జి చేస్తారు. నానబెట్టిన జిగురు బియ్యం వెదురాకులో పోసి, మూలలు తేలేలా పొట్లం కట్టి, దారం చుట్టి, గంటల తరబడి ఉడికిస్తారు. నా చిన్నప్పటి వేసవులన్నీ ఆ ఆకుల వాసనలో కలిసిపోయి ఉన్నాయి. ఏది ఏ ఏడాదో విడదీయలేను. కిటికీ అద్దాలు ఆవిరితో మసకబారేవి. బయట పచ్చిక, లోపల కుండలో పచ్చటి నీళ్ళు. ఇల్లంతా ఏదో చెరువు అడుగున ఉన్నట్టుండేది. ఆ మసకలో అత్తా అమ్మా పక్కపక్కన నిలబడి పొట్లాలు చుడుతుంటే ఎవరి చేతులు ఎవరివో తెలిసేది కాదు.

అమ్మ మాంసం ముట్టదు. అందుకని ఆమె కోసం అత్త పెసరపప్పు పెట్టి కట్టేది. వాటికి ఎర్ర దారం, పంది మాంసం వాటికి తెల్ల దారం. మొదటిసారి తిన్నప్పుడు అమ్మ, "వదినా, ఇది మన పులగమే కదా! ఆకు చుట్టి పేరు మార్చావంతే," అందట. "మీ పులగానికి ముక్కుందా? నాదానికి చూడు," అని పొట్లం మూల చూపించిందట అత్త.

ఓసారి మామయ్య ఎర్రవీ తెల్లవీ ఒకే కుండలో పడేశాడు. రంగు చూసి తీసుకుంటే సరిపోతుందనుకున్నాడు. ఆ పండక్కి అమ్మ ఒట్టి పెరుగన్నం తింది. మరుసటి ఏడు స్టవ్ మీద రెండో కుండ వెలిసింది. "ఇంజనీర్‌వి, నీళ్ళు కలుస్తాయని తెలీదా?" అని అత్త ఆయన్ని ఏళ్ళ తరబడి ఏడిపించింది.

నేను హైస్కూలు మధ్యలో మానేశాక నాన్న నాతో మాట్లాడ్డం మానేశాడు. ఇంటికొచ్చిన ప్రతి అంకులూ ఆంటీ సలహా ఇచ్చేవాళ్ళు. అత్త ఒక్కతే ఏమీ అడగలేదు. దారాల కట్టని కప్‌బోర్డ్ పిడికి కట్టి, ఒక కొస నా చేతిలో పెట్టింది. నాకు ఒకచోట కూర్చోవడం రాదు. "కూర్చోమని ఎవరన్నారు? కాళ్ళు ఆడించుకో. దారం మాత్రం లూజ్ చెయ్యకు," అంది.

ఆమె ముడికి ఒక పద్ధతి ఉంది. కొస పట్టి లాగితే మొత్తం విడిపోవాలి. కత్తెర పెట్టనిచ్చేది కాదు. విప్పిన దారాల్ని కడిగి, కుళాయి మెడకి వేలాడదీసి ఆరబెట్టి, మళ్ళీ ఏడాదికి దాచేది. నేను బిగించి ముడేస్తే, "తినేవాడు ఆకలితో ఉంటాడురా. వాడితో కుస్తీ పట్టిస్తావా?" అనేది. ఎన్ని పాడుచేశానో. ఓ మధ్యాహ్నం నా ముడి ఒక్క లాగుకి విడిపోయింది. ఆమె తన పక్కనున్న ఆకుల గిన్నె నా వైపు జరిపింది.

ఈసారి పండగ ఆమె లేకుండా వచ్చింది. పోయినేడు ఆమె కట్టిన ఎర్ర దారం పొట్లం ఒకటి ఫ్రీజర్‌లో మిగిలింది. దాన్ని మామయ్య ఎవర్నీ ముట్టనివ్వలేదు.

"ఉండనీ. అది కూడా అయిపోతే ఇంక ఆమె చేసింది ఏదీ లేదు," అన్నాడు, ఫ్రీజర్‌కి అడ్డంగా నిలబడి.

నాకేమో తినాలని ఉంది. ఆ చేతి రుచి ఇంకొక్కసారి, అందరం కలిసి. కానీ ఆయన మొహం చూశాక అడగలేకపోయాను.

అమ్మే మెల్లగా అంది. "అన్నయ్యా, వదిన ఉంటే ఏమనేది? 'చూడ్డానికి కట్టానా?' అని అరిచేది కాదూ?"

మామయ్య నవ్వబోయి ఏడ్చాడు. తర్వాత పక్కకి జరిగాడు.

అమ్మ దాన్ని మళ్ళీ ఉడికించింది. కిటికీలు మసకబారాయి. ఆకు వాసన రాగానే అందరం ఒకసారి స్టవ్ వైపు చూశాం, అక్కడ ఎవరో నిలబడి ఉన్నట్టు. నాన్న ప్లేట్లు తెచ్చి, మొదటిది నా ముందు పెట్టాడు. మామయ్య పొట్లాన్ని అటూ ఇటూ తిప్పాడు, ముడి కొస దొరకలేదు.

"కత్తెర తెస్తానుండు."

"వద్దు మామయ్యా. ఇటివ్వు."

కొస వెతకక్కర్లేకపోయింది. నా వేలికి అదే తగిలింది. లాగాను. దారం చుట్టుచుట్టుగా జారిపోయి, ఆకు దానంతట అదే తెరుచుకుంది. లోపలి అన్నం మీద ఆకు ఈనెల అచ్చులు పడి ఉన్నాయి. తలా ఒక ముద్ద వచ్చింది. మామయ్య తన ముద్దని చాలాసేపు నమిలాడు.

దారం కడిగి కుళాయి మెడకి వేలాడదీశాను. సాయంత్రం వెళ్ళిపోతూ చూశాను. పూర్తిగా ఆరిపోయింది. అయినా తిన్నగా వేలాడలేదు. ఆమె చుట్టిన చుట్లన్నీ వంపులు వంపులుగా అలాగే ఉన్నాయి, కిటికీ గాలికి కొద్దిగా ఊగుతూ.