ఇంగువ వాసన రాని ఆదివారం

నవ్వనని ముందు మాటివ్వండి, అప్పుడే చెప్తాను. ఒక్క పప్పుచారు తిరగమోత పుణ్యమా అని ఇరవై ఆరుమంది ముసలివాళ్ళ ముక్కుల్లో పుల్లలు పెట్టించిన మనిషిని నేను!

మేం ఐర్లండ్‌లోని గాల్వేలో ఉంటాం. ఊరి చివర వృద్ధులుండే నర్సింగ్ హోమ్‌లో నేను నర్సుని. మావారు ప్రభాకర్ మెడికల్ డివైస్‌లు చేసే ప్లాంటులో కాలిబ్రేషన్ ఇంజనీరు. అంటే, కొలిచే మిషన్లు సరిగ్గా కొలుస్తున్నాయా లేదా అని కొలిచి చూడటం ఆయన ఉద్యోగం. మా అమ్మాయి జాయ్‌కి పదహారేళ్ళు. తెలుగులో అడిగితే అచ్చం గాల్వే యాసలో ఇంగ్లీషు జవాబు వస్తుంది.

కోవిడ్ కాలంలో ఆ జనవరి గుర్తుందిగా? క్రిస్మస్‌కి అందరూ కలుసుకున్నారు, ఆ తర్వాత అందరూ దగ్గారు. ఇంటినుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు. బడులు మూసేశారు. మా హోమ్‌లో అప్పటిదాకా ఒక్క కేసు లేదు. వేరే ఊరి హోమ్ ఒకదాంట్లో కోవిడ్ దూరింది. అక్కడ ఎన్ని గదులు ఖాళీ అయ్యాయో మా అందరికీ తెలుసు. దాని గురించి ఎవరం మాట్లాడేవాళ్ళం కాదు. మాకు టెస్టులు చేసేవారు, కాదనను. కానీ టెస్టుకీ టెస్టుకీ మధ్య రోజులుంటాయే! ఆ రోజుల్లో నేనే దాన్ని మోసుకెళ్తే? డ్యూటీకి బయల్దేరిన ప్రతిసారీ కారు స్టార్ట్ చేస్తూ ఇదే ఆలోచన.

అప్పుడు తట్టింది నాకు. వాసన పోవడం ఒక లక్షణం అంటున్నారు కదా, మనింట్లో ఇంగువకి మించిన వాసన ఏముంది? ఇంగువ తెలియని ముక్కు ముక్కే కాదు. డబ్బా తీసుకెళ్ళి పైన మెట్ల దగ్గర, ఇల్లు వెచ్చబెట్టే రేడియేటర్ మీదుండే చెక్క పలక మీద పెట్టాను. పొద్దున లేవగానే అటుగా పోతూ అందరూ వాసన చూడాలి. ఎవరూ మర్చిపోకుండా మూత కూడా తీసేశాను.

మావారికి ఈ ఏర్పాటు తెగ నచ్చింది. గోడకి ఒక చార్టు అంటించారు. పేరు, తేదీ, టిక్కు. "డబ్బాకీ ముక్కుకీ మధ్య మూడంగుళాలు ఉండాలి, అందరికీ ఒకటే దూరం" అన్నారు. జాయ్ మాత్రం "మామ్, దిస్ ఈజ్ మెంటల్" అంది. అన్నా, టిక్కు పెట్టింది.

మూడు వారాలు గడిచాయి. టిక్కులన్నీ చక్కగా పడ్డాయి.

ఆ ఆదివారం నాకు సెలవు. బయట అడ్డంగా కొట్టే వాన. ఇలాంటి రోజున పప్పుచారు కాక ఇంకేం తింటాం? కందిపప్పు మెత్తగా ఉడికించి, చింతపండు పులుసు పోసి, ఉల్లిపాయ ముక్కలు వేసి మరగబెట్టాను. వడియాలు వేయించడానికి తీసిపెట్టాను. తిరగమోతకి ఇంగువ కావాలి కదా, పైనుంచి డబ్బా తెచ్చుకున్నాను. మా అమ్మ పద్ధతిలో నూనె కాగగానే ముందు ఇంగువే వేస్తాను, ఆవాలు తర్వాత. చిటికెడు వేశాను.

ఏమీ రాలేదు.

ఇంకో చిటికెడు వేశాను. నూనె బుసబుసమంది. వాసన లేదు. పొయ్యి మీది ఫ్యాన్ ఆపేసి, గిన్నె మీదికి వంగాను. వేడి ఆవిరి మొహానికి కొట్టింది, అంతే. డబ్బాలోకే ముక్కు దూర్చాను. మూడంగుళాలు కాదు, అర అంగుళం కూడా లేదు. పిండి!

ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది, ఎన్ని చూశానో. అయినా ఆ క్షణంలో నా కళ్ళముందు కనబడింది నోరా ఒక్కతే. మా హోమ్‌లో ఉంటుంది, తొంభై ఒకటి. బొత్తిగా చెవుడు. ఏం చెప్పాలన్నా ఆవిడ చెవిదాకా వంగి అరవాలి. ముందురోజే, శనివారం, కస్టర్డ్ తినిపిస్తూ ఎన్నిసార్లు వంగానో! మాస్కు ఉంది, నిజమే. మాస్కు మీద నమ్మకం మనకి ఏమీ రానప్పుడే ఉంటుంది.

స్టవ్ ఆపేసి, దూరంగా వెళ్ళి నిలబడి పిలిచాను. "ఏవండీ! దగ్గరికి రాకండి. అక్కడినుంచే వినండి. నాకు ఇంగువ వాసన రావట్లేదు."

ఆయన మెట్ల మీదే ఆగిపోయారు. నేల చూస్తున్నారు.

"ఏంటండీ?"

"నాకు బుధవారం నుంచే సరిగ్గా రావట్లేదు విమలా" అన్నారు మెల్లగా.

"మరి టిక్కులు?"

"కొంచెం వచ్చినట్టే అనిపించింది. నువ్వు భయపడతావని..."

పైనుంచి జాయ్ గొంతు. "ఐ హావెంట్ స్మెల్ట్ ఇట్ సిన్స్ మండే, మామ్. సారీ!"

అదీ సంగతి. ఇంట్లో ముగ్గురం. ముగ్గురికీ వాసన లేదు. ఇద్దరు దొంగ టిక్కులు పెడుతున్నారు. నేనూ హడావిడిలో వాసన వచ్చిందనే అనుకుని టిక్కు పెట్టేసి, వారమంతా డ్యూటీకి వెళ్ళొచ్చాను.

"పొద్దున కాఫీ వాసన వచ్చిందా మీకు?" అని అడిగాను, చివరి ఆశగా.

"వచ్చింది. కానీ మన టెస్టులో కాఫీ లేదు కదా" అన్నారు ఇంజనీరుగారు. నాకూ అది సబబుగానే తోచింది, చూడండి! కాఫీ వాసన రావడానికి ముక్కు దేనికి, ఇన్నేళ్ళ అలవాటు చాలు అనుకున్నాను. భయం పట్టిన బుర్ర అలాగే పనిచేస్తుంది.

మా మేనేజర్ బ్రీడాకి ఫోన్ చేశాను. "నాకు వాసన పోయింది" అని ఒక్క ముక్క చెప్పాను. "రైట్. ఇంట్లోనే ఉండు, పెట్. మిగతాది నేను చూసుకుంటా" అంది ఆవిడ. పెట్ అంటే ఇక్కడి ముద్దుపిలుపు. మిగతాది అంటే ఏమిటో నాకు తెలుసు. అందరినీ ఎవరి గదుల్లో వాళ్ళని ఉంచేస్తారు, మర్నాడు పొద్దున్నే అందరికీ స్వాబ్‌లు. ఫోన్ పెట్టేశాక మెట్ల మీద కూర్చుండిపోయాను.

ముగ్గురం మూడు గదుల్లో దూరాం. నాకు బాక్స్ రూమ్ దక్కింది. అంటే పాత సూట్‌కేసులు పెట్టుకునే చిన్న గది. సూట్‌కేసుల మధ్య కూర్చుని ఒక్కొక్కరినీ లెక్కపెట్టాను. ఎవరికి మందులిచ్చాను, ఎవరిని లేపి కూర్చోబెట్టాను, ఎవరి చెయ్యి పట్టుకున్నాను. ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మళ్ళీ లెక్కలోకి జారిపోయాను.

మూడింటికి గోడ అవతలినుంచి జాయ్, "ఐయామ్ స్టార్వింగ్" అంది. నిజమే, పొద్దున్నుంచీ ఎవరం తినలేదు. పప్పుచారు తిరగమోత లేకుండా అలాగే ఉంది. "నేను పెడతాలే" అని మావారు మాస్కు కట్టుకుని కిందికి వెళ్ళారు. తిరగమోత ఆయన జీవితంలో పెట్టలేదు.

ఐదు నిమిషాల్లో నాకు దగ్గు మొదలైంది. ఆగని దగ్గు! అయిపోయింది, రెండో లక్షణం కూడా వచ్చేసింది అనుకున్నాను. పక్క గదిలో జాయ్ దగ్గుతోంది. కింద ఆయన దగ్గుతున్నారు. ఇంతలో స్మోక్ అలారం మోగడం మొదలుపెట్టింది.

ఎండుమిరపకాయలు! మనిషి గుప్పెడు వేసి మాడ్చేశారు. అయినా నాకు ఊరట కలగలేదు. నర్సుని కదా, ఘాటు వేరు, వాసన వేరు అని తెలుసు. ముక్కు పనిచేయకపోయినా ఘాటుకి దగ్గొస్తుంది. కళ్ళు తుడుచుకుంటూ ఇంకోసారి ఊపిరి పీల్చాను. మిరప ఘాటు వెనకాల ఇంకేదో ఉంది. కమ్మగా, కాస్త మాడుతూ.

"మామ్!" జాయ్ అరిచింది. "గార్లిక్! ఐ కెన్ స్మెల్ గార్లిక్!"

"వెల్లుల్లి!" నేనూ అరిచాను.

"నాకూ వస్తోంది!" కిందనుంచి ఆయన. "ఐదు రెబ్బలు వేశాను!"

జాయ్, నేను ఒకేసారి తలుపులు తీసుకుని బయటికొచ్చాం. ఆయన చేతిలో ఇంగువ డబ్బా పట్టుకుని పైకొచ్చి, రేడియేటర్ని చూశారు. దాని మీద చెయ్యి పెట్టి, చప్పున వెనక్కి తీసుకున్నారు.

"దీని మూత ఎప్పుడు తీశావు?"

"మొదటి రోజే. మీరు మర్చిపోకూడదని."

"మూడు వారాలు. మూత లేకుండా. ఈ వేడి మీద."

ఇంగువ వాసన ఎగిరిపోతుందని తెలియనిదాన్నా నేను? పెళ్ళైన కొత్తలో మూత సరిగ్గా పెట్టలేదని ఈయన్నే తిట్టినదాన్ని. కానీ నాకు మండిపోయింది. "రోజూ మీరు ప్లాంటులో చూసేది ఇదే కదండీ! కొలిచేదాన్ని ముందు కొలవాలని ఒక్కసారైనా తట్టలేదా?" అన్నాను. ఆయన గోడ మీది చార్టు పీకేసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

బ్రీడాకి మళ్ళీ ఫోన్ చేయాల్సింది నేను. మొదటి ఫోన్ కంటే ఈ రెండోదానికి ఎక్కువ భయపడ్డాను.

"ఏ వాసన రాలేదన్నావు?" అంది.

"ఒక మసాలా దినుసు. వాసన కొంచెం... కుళ్ళిన ఉల్లిపాయలా ఉంటుంది."

"అంటే, మీ ఇంట్లో కంపు కొట్టడం లేదని నాకు ఫోన్ చేశావు."

"అంతే."

పెద్ద నిట్టూర్పు. లక్షణం అని ఒకసారి నోటితో చెప్పాక రూలు రూలేనట, టెస్టు చేయించుకోవాల్సిందే, అక్కడ స్వాబ్‌లూ ఆపడం కుదరదట. మర్నాడు వానలో ఆటస్థలం కార్ పార్కులో బారులు తీరి ముగ్గురం ముక్కులు అప్పగించాం. మావి నెగెటివ్. హోమ్‌లో ఇరవై ఆరుమందివీ నెగెటివ్. ఆ మెసేజ్ చూశాక కారులో కూర్చుని కాసేపు ఏడ్చాను. అది మాత్రం తమాషా కాదు.

గురువారం డ్యూటీకి వెళ్ళాను. నోరా నన్ను చూడగానే తన ముక్కు చూపించి, మొత్తం హాలుకి వినబడేలా అరిచింది. "పుల్ల మెదడుదాకా పోయింది, పెట్! వాసన రాలేదని గొడవ చేసిన ఆ ఈజిట్ ఎవరు?" ఈజిట్ అంటే ఇక్కడి భాషలో తెలివితక్కువ దద్దమ్మ.

టీ ట్రే దగ్గర నిలబడ్డ బ్రీడా నావైపే చూస్తోంది. నేను నోరా చెవిదాకా వంగి, అంతే గట్టిగా అరిచాను.

"తెలీదు నోరా! ఎవరో కొత్తగా వచ్చినమ్మాయట!"